బాత్రూములో గ్యాస్ గీజరు, తమ్ముడి ఇంట్లో పొగగొట్టం లేని ఫైర్‌ప్లేస్

అమ్మా, మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. పాలకొల్లు దగ్గర మీ ఊళ్లో ఇల్లు కడుతున్నారు, వచ్చే వారం బాత్రూములకు టైల్స్ అంటించబోతున్నారు. డెబ్బై దాటిన మీ నాన్నగారికి గుండెలో స్టెంటు ఉంది, చలికాలంలో ఆయాసం కూడా వస్తుంది, అందుకని ఆయన గదిని ఆనుకుని ఉన్న బాత్రూములో గ్యాస్ గీజరు పెట్టాలనుకున్నారు. ప్లంబరు లోపలే బిగిస్తానన్నాడు, మీకు తెలిసినవాళ్లెవరో వద్దన్నారు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు మాత్రం, “మా హాల్లో పొగగొట్టం లేని గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉంది, ఆరేళ్లుగా వెలిగిస్తున్నాం, ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు, అంత కట్టుదిట్టమైన దేశంలో చెల్లినది మన ఊళ్లో ఎందుకు చెల్లదు” అని అన్నారు. సంక్రాంతి వెళ్లాక నాన్నగారు కొన్ని నెలలు అదే ఇంట్లో ఉండబోతున్నారు కనుక ఆ ఫైర్‌ప్లేస్ సంగతి కూడా చెప్పమన్నారు.

నేను భీమవరం కేంద్రంగా ఇరవై ఎనిమిదేళ్లు గ్యాస్ పొయ్యిలు, గీజర్లు, హోటళ్ల వంటశాలల గ్యాస్ లైన్లు బిగించి, బాగుచేసి బతికినవాణ్ణి. మీ తమ్ముడి వాదనకు జవాబు ఆయన ఉంటున్న దేశపు నియమాల్లోనే ఉంది. దానికి వచ్చేముందు మన ప్రాంతంవాళ్లకు గ్యాస్ మీద ఉన్న ఒక అభిప్రాయం గురించి చెప్పాలి.

గోదావరి డెల్టాలో గ్యాస్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది పేలుడు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు. ఆ రోజుల్లో కోనసీమలో ఉన్నవాళ్లు రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండటాన్ని ఇప్పటికీ చెబుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పగిలి ఎంతమంది నిద్రలోనే కాలిపోయారో మనందరికీ తెలుసు. వాటివల్ల మన జనానికి గ్యాస్ లీకు అంటే భయం బాగానే పట్టింది. వంటింట్లో వాసన వస్తే స్విచ్చి వేయకుండా కిటికీలు తీయడం చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఈ భయమంతా కాలని గ్యాస్ గురించినది. సక్రమంగా వెలుగుతున్న మంట, ఎక్కడా లీకు లేని పైపు, కొత్త రెగ్యులేటరు, ఇవన్నీ సరిగ్గా ఉన్న బాత్రూములో కూడా మనిషి కూలిపోవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. అక్కడ ప్రాణం తీసేది కాలిపోయిన గ్యాస్. కాలని గ్యాస్‌కు కంపెనీవాళ్లు మెర్కాప్టన్ కలిపి ఘాటైన వాసన పెడతారు, కాలినదానికి ఆ వాసన మిగలదు. మీ తమ్ముడి ఫైర్‌ప్లేస్‌కూ మీ గీజరుకూ పోలిక ఇక్కడే: రెండింటిలోనూ మంట కాల్చినదంతా మనం పీల్చే గాలిలోకే వస్తుంది, బయటికి తీసుకుపోయే గొట్టం ఉండదు.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం, ఎందుకంటే ఈ విషయంలో లెక్క చూపించనిదే ఎవరూ నమ్మరు. ఒక కిలో ఎల్పీజీ పూర్తిగా కాలడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. కాలిన తరువాత దాదాపు 3 కిలోల కార్బన్ డయాక్సైడు, ఒకటిన్నర కిలోకు పైగా నీటి ఆవిరి వస్తాయి. నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్లు ఇచ్చే మామూలు గీజరు, చలికాలపు నీళ్లను పాతిక డిగ్రీలు వేడెక్కించాలంటే, గంటకు ఇంచుమించు ఒక కిలో గ్యాస్ కాలుస్తుంది. అది చూడటానికి గోడకు వేలాడే చిన్న డబ్బానే, కాని వంటింటి పొయ్యిలో పెద్ద బర్నర్లు నాలుగైదింటిని ఒకేసారి పూర్తిగా తెరిచినంత మంట అందులో ఉంటుంది. మీరు పంపిన కొలతల ప్రకారం బాత్రూము 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, అంటే 240 ఘనపు అడుగులు, మీటర్లలో చెబితే 7కు కాస్త తక్కువ. పావుగంట సేపు షవరు కింద నిలబడితే గీజరు పావుకిలో గ్యాస్ కాల్చి, 3 ఘనపు మీటర్ల గాలిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. తలుపూ కిటికీ బిగించి ఉంటే ఆ గదిలో ఉన్న గాలిలో అది నలభై శాతానికి మించినట్టే. నిజానికి ఏ గదీ సీసాలాగా మూసుకుని ఉండదు, ఏదో సందునుంచి కొంత గాలి వస్తూనే ఉంటుంది, అందుకే రోజూ అందరూ పడిపోవడం లేదు. కాని ఆ సందు ఎంతో, ఏ రోజు మూసుకుపోతుందో ఎవరూ కొలిచి చూడరు.

అసలు కీడు ఇక్కడ మొదలవుతుంది. గాలిలో 21 శాతం ఉండవలసిన ప్రాణవాయువు పద్దెనిమిది, పందొమ్మిది శాతానికి దిగేసరికి మంటకు ఊపిరి అందదు. అప్పటిదాకా కార్బన్ డయాక్సైడు ఇచ్చిన మంట కార్బన్ మోనాక్సైడు ఇవ్వడం మొదలుపెడుతుంది. గీజరు తాను వదిలిన వాయువునే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది కనుక నిమిషనిమిషానికీ మంట మరింత చెడిపోతుంది, విషం మరింత వేగంగా పెరుగుతుంది. మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు, తరువాతి ఐదు నిమిషాల్లో తల దిమ్ముగా ఉంటుంది, ఆ పైన కాళ్లు సహకరించవు.

ఇప్పుడు మీ తమ్ముడి వాదనకు వద్దాం. అమెరికాలో పొగగొట్టం లేని గ్యాస్ హీటర్లకూ ఫైర్‌ప్లేస్‌లకూ ఉన్న ప్రమాణం ప్రకారం ఒక్కొక్కటి గంటకు 40,000 బీటీయూలకు (వేడిని కొలిచే అక్కడి లెక్క) మించి మంట ఇవ్వకూడదు. మనవాళ్ల లెక్కలో అది పన్నెండు కిలోవాట్లకు కొంచెం తక్కువ, అంటే మీ బాత్రూముకు అనుకున్న గీజరు మంట దాదాపు అంతే. అక్కడి గ్యాస్ నియమావళి పడకగదిలో ఇలాంటి హీటరు పెట్టాలంటే 10,000 బీటీయూలకు మించకూడదని, బాత్రూములో అయితే 6,000కు మించకూడదని చెబుతుంది. అదీ గోడకు బిగించినదై, ప్రాణవాయువు తగ్గితే తనంతట ఆరిపోయే ఏర్పాటు ఉన్నదై ఉండాలి. గదిలో ప్రతి వెయ్యి బీటీయూలకు కనీసం 50 ఘనపు అడుగుల చోటు ఉండాలి. ఈ లెక్కన 40,000 బీటీయూల మంటకు 2,000 ఘనపు అడుగులు కావాలి, మీ బాత్రూములో ఉన్నది 240. మీ తమ్ముడి హాలు వంటింటితో కలిసిపోయి, మెట్లమీదుగా పై అంతస్తు దాకా తెరిచి ఉంటుంది కనుక ఆ లెక్క అక్కడ సరిపోతుంది. ఆయన ఫైర్‌ప్లేస్‌ను తీసి ఆయన ఇంటి బాత్రూములోనే పెట్టుకుంటానంటే అక్కడి తనిఖీ అధికారి ఒప్పుకోడు. ఇంకొక మాట కూడా ఆయనతో చెప్పండి: కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇళ్లలో గ్యాస్‌తో నడిచే పొగగొట్టం లేని హీటర్లకు అనుమతే లేదు, కెనడాలోనూ లేదు. ఆ దేశంలో కూడా ఇది అందరూ ఒప్పుకున్న వస్తువేమీ కాదు.

ప్రాణవాయువు తగ్గితే ఆరిపోయే ఆ ఏర్పాటును ఓడీఎస్ అంటారు. పైలట్ మంట చాలా సన్నని రంధ్రంనుంచి వస్తూ వేడి తగిలినంతసేపు గ్యాస్ వాల్వును తెరిచి ఉంచే థర్మోకపుల్ అనే కడ్డీ మొనను తాకుతూ ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు 18 శాతం దగ్గరికి వస్తే ఆ చిన్న మంట మొననుంచి పైకి లేచిపోయి, థర్మోకపుల్ చల్లబడి, గ్యాస్ వాల్వు మూసుకుంటుంది. తెలివైన పనితనమే, నేను తీసి చూసి మెచ్చుకున్నాను కూడా. కాని అది కార్బన్ మోనాక్సైడును కొలవదు, తన పక్కనున్న ప్రాణవాయువును మాత్రమే కనిపెడుతుంది. పెద్ద బర్నరులో దుమ్ము పట్టి, గాలి సరిగా కలవక మంట పసుపు తిరిగితే, గదిలో ప్రాణవాయువు నిండుగా ఉండగానే విషవాయువు పుడుతుంది. అలాంటప్పుడు ఓడీఎస్ తన పని తాను సక్రమంగా చేస్తూ, మంటను ఆర్పకుండానే ఉంటుంది. మన మార్కెట్లో గీజరు పెట్టెమీద అదే పేరుతో ఒక గుర్తు ముద్రించి ఉంటుంది. అది ఉండటం మంచిదే, దాన్ని నమ్ముకుని బాత్రూము లోపల బిగించడం మంచిది కాదు.

నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. నరసాపురం వైపు ఒక పల్లెలో, జనవరి నెలలో, “గీజరు మంట ఎర్రగా వస్తోంది, మా అబ్బాయికి స్నానంలో కళ్లు తిరిగాయి, గ్యాస్ లీకేమో చూడండి” అని కబురు వచ్చింది. వెళ్లి సబ్బునురుగుతో ప్రతి జాయింటూ చూశాను, ఎక్కడా ఒక్క బుడగ లేదు. తరువాత వెంటిలేటరు చూశాను. కట్టినప్పుడు అడుగున్నర చదరంగా, చక్కగానే పెట్టారు. దోమల బాధకు దానికి సన్నకన్ను మెష్ కొట్టారు. ఆ మెష్‌ను వేలితో గీకితే బూడిదరంగు దుమ్ము అట్టలాగా ఊడివచ్చింది, నాలుగైదేళ్ల దుమ్ము, సబ్బు ఆవిరి కలిసి పేరుకుపోయి మెష్ గోడలాగా తయారయింది. అగ్గిపుల్ల వెలిగించి దగ్గర పెడితే మంట అటూ ఇటూ కదలలేదు. ఇక తలుపు కింద, వర్షాకాలంలో జెర్రులూ కప్పలూ వస్తున్నాయని, నేలకు ఆనేలా రబ్బరు పట్టీ వేశారు. ఈ రెండు పనులూ ఇల్లాలు పిల్లలమీద ప్రేమతో చేయించినవే. ఆ కుర్రవాడి అదృష్టం ఏమంటే గడియ వేసుకునే అలవాటు లేకపోవడం. కిందపడిన బక్కెట్టు చప్పుడు విని తల్లి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. కొందరు చెప్పినట్టు అతనికి “పైత్యం చేసి” కళ్లు తిరగలేదు. గీజరు మూత విప్పి చూస్తే రాగి రేకుల మధ్య మసి పట్టి ఉంది, దాన్ని బ్రష్షుతో దులిపితే అరచేయి నిండా వచ్చింది.

మన దేశపు నరాల వైద్యులు ఇలాంటి కేసులను వైద్య పత్రికల్లో ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అన్న పేరుతోనే రాశారు. బాత్రూములో మూర్ఛ వచ్చిందనో, గుండె ఆగిందనో, కాలు జారిందనో అనుకుని వదిలేసినవాటిలో ఎన్ని ఇవి అయి ఉంటాయో. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో పదిలక్షల పాళ్లలో 400 పాళ్లు ఉంటే గంటా రెండు గంటల్లో తలనొప్పి వస్తుంది, 1,600 పాళ్లు ఉంటే ఇరవై నిమిషాల్లోనే తలనొప్పి, వాంతి, తల తిరగడం వచ్చి, రెండు గంటలలోపు ప్రాణం పోవచ్చు, 6,400 పాళ్లకు వెళితే పది, పదిహేను నిమిషాలు చాలు. మీ నాన్నగారిలాంటి గుండె రోగులకు ఆరోగ్యవంతులకు ఏమీ తెలియనంత తక్కువ మోతాదులోనే ఛాతీనొప్పి రావచ్చు.

కోవిడ్ తరువాత ప్రతి ఇంట్లోనూ వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు ఒకటి చేరింది. కళ్లు తిరిగిన మనిషికి అది తగిలించి, 98 చూపిస్తోంది కదా అని ధైర్యపడతారు. ఆ మామూలు మీటరు కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తానికీ ప్రాణవాయువు పట్టిన రక్తానికీ తేడా చూడలేదు, ప్రమాదంలో ఉన్నవాణ్ణి కూడా బాగున్నాడనే చెబుతుంది. కాబట్టి ఎవరైనా గీజరు ఉన్న బాత్రూములో పడిపోతే ముందు తలుపు తీసి లేదా పగలగొట్టి, మీరు లోపల ఎక్కువసేపు ఉండకుండా, మనిషిని బయటి గాలిలోకి లాగండి. మరొకరు గ్యాస్ కట్టేయాలి, ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఆసుపత్రిలో మొదటి మాటగా “గ్యాస్ గీజరు నడుస్తుండగా పడిపోయారు” అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వాళ్లు గుండెవైపో షుగరువైపో వెతుకుతారు, చెబితే వెంటనే మాస్కుతో పూర్తి ప్రాణవాయువు పెట్టి, రక్తానికి కార్బన్ మోనాక్సైడు ఎంత పట్టిందో చూసే కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, పూర్తి ప్రాణవాయువు మీద గంటా గంటన్నరలో తగ్గుతుంది.

మన ప్రాంతంలో ప్రమాదం ఎక్కువగా ఉండే రోజు ఒకటుంది, అది భోగి. ఇల్లంతా చుట్టాలు, కొత్త అల్లుడు, పిల్లలు, తెల్లవారకముందే అందరికీ తలంట్లు. ఒకరి వెనుక ఒకరు ఒకే బాత్రూములోకి వెళతారు, గీజరు గంటన్నర ఆగకుండా మండుతుంది, చలికి వెంటిలేటరు అద్దాలు కూడా దించేస్తారు. మొదట స్నానం చేసినవాళ్లకు ఏమీ కాదు, నాలుగోవాళ్లో ఐదోవాళ్లో చెడిన గాలిలోకి వెళతారు. వీధిలో భోగిమంట వేసేది ఆరుబయట కనుక దానివల్ల ఎవరికీ ఊపిరాడని పరిస్థితి రాదు. దానికంటే ఎంతో చిన్న మంట గోడల మధ్య ప్రమాదమవుతుంది.

“ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం కదా” అని చాలామంది అంటారు, మీరూ రాశారు. ఫ్యాను గాలిని బయటికి నెట్టాలంటే అంతే గాలి లోపలికి రావడానికి దారి ఉండాలి. తలుపు కింద ఆ దారి లేకపోతే ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప పని ఉండదు. అదీగాక గీజరు బ్యాటరీతో నిప్పురవ్వ వేసుకుని వెలుగుతుంది, దానికి కరెంటుతో సంబంధం లేదు. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో మీకు తెలుసు. స్నానం మధ్యలో ఫ్యాను ఆగిపోతుంది, గీజరు ఆగదు.

ఇక మీ అమ్మగారు అడిగిన మాట. మీ అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెడతామని, అది కూడా తప్పేనా అని అడిగారు. తప్పే, గీజరుకంటే పెద్ద తప్పు. ఎర్రగా కణకణలాడే బొగ్గులో పొగ కనిపించదు కనుక అది శుభ్రంగా ఉందనుకుంటారు, నిజానికి గ్యాస్ మంటకంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ కార్బన్ మోనాక్సైడు ఇస్తుంది. పసిబిడ్డ ఊపిరి మనకంటే వేగంగా ఆడుతుంది, విషం కూడా ముందుగా బిడ్డకే ఎక్కుతుంది. సాంబ్రాణి ధూపం వేయాలంటే వసారాలో వేసి, తల ఆరాక లోపలికి తీసుకెళ్లమనండి. పెద్దవాళ్ల కాలంలో పెంకుటింటి కప్పులోనుంచి గాలి ఆడేది, ఇప్పుడు శ్లాబు, అల్యూమినియం కిటికీలు, ఏసీ కోసం బిగించిన తలుపులు వచ్చాయి. ఆచారం మారలేదు, గది మారింది.

మీరు చేయవలసిన పని చెబుతాను. గ్యాస్ గీజరే కావాలనుకుంటే దాన్ని బాత్రూము బయట, పెరటివైపు గోడకు, వాననీరు పడకుండా సన్‌షేడు కిందనో వంటింటి వెనుక వసారాలోనో బిగించండి. వేడినీళ్ల పైపు ఒక్కటే గోడలోనుంచి లోపలికి వస్తుంది. ఆ గోడమీద గీజరుకు దగ్గరగా పడకగది కిటికీ ఉండకూడదు, లేకపోతే బాత్రూములో వద్దనుకున్నది పడకగదిలోకి వస్తుంది. సిలిండరు కూడా బయటే, నిటారుగా, నేలమట్టానికి కిందికి దిగని చోట ఉండాలి, ఎందుకంటే ఎల్పీజీ గాలికంటే బరువైనది, కారితే గుంటలోకి చేరి అక్కడే నిలుస్తుంది. తప్పనిసరిగా లోపలే పెట్టవలసిన అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లు పొగగొట్టం ఉన్న రకం తీసుకుని, ఆ గొట్టాన్ని బయటి ఆకాశంలోకి తీయాలి. పై ఇంటివాళ్ల వెంటిలేటర్లు కూడా తెరుచుకునే డక్టులోకి తీస్తే మన విషం వాళ్ల స్నానంలోకి వెళుతుంది.

గొట్టం ఉన్న గీజరు నిజంగా లాగుతోందో లేదో తెలుసుకోవడానికి నేను ఒక అగరువత్తి వాడతాను. తలుపు, కిటికీ మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, గీజరు ఐదు నిమిషాలు మండనిచ్చి, పైన గొట్టం మొదలయ్యే చోట టోపీలాంటి రేకు అంచుకు అగరువత్తి పొగను చేరుస్తాను. పొగ రేకు కిందికి లాక్కుపోతే సరే. పొగ వెనక్కి, నా ముఖంమీదికి వస్తే, కాలిన వాయువంతా గదిలోకే వస్తున్నదని అర్థం. అప్పుడు గీజరు కట్టేసి, గొట్టం సరిచేసేదాకా వాడనివ్వను. ఫ్యాను బలంగా ఉండి, లోపలికి గాలి వచ్చే దారి లేని బాత్రూముల్లో పొగ వెనక్కి రావడం నేను చాలాసార్లు చూశాను.

మంట రంగు చూడటం మీకు కూడా అలవాటు కావాలి. బర్నరు మీద మంట నీలంగా, పొట్టిగా, కుదురుగా ఉండాలి. కొసల్లో పసుపు వచ్చినా, మంట బద్ధకంగా ఊగినా, గీజరు పైభాగాన గోడ నల్లబడినా బాగుచేయించేదాకా ఆపండి. మన సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి బర్నరు త్వరగా తుప్పు పడుతుంది, గాలి పోయే రంధ్రంలో సాలెపురుగు గూడు కడుతుంది, ఏడాదికి ఒకసారి, దసరాకో దీపావళికో, విప్పి శుభ్రం చేయించాలి. మీ ఊరికి పైపు గ్యాస్ వస్తే అదే గీజరును దానికి తగిలించకూడదు. రెండు వాయువులకూ నాజిళ్ల రంధ్రాలు వేరు, మారిస్తే మంట చెడుతుంది. ఐఎస్ఐ గుర్తు లేనిది చవకగా వస్తోందని కొనకండి, ఈ మాట మీద ఇంతకంటే చెప్పడం అనవసరం.

ఇల్లు పూర్తయ్యేదాకా మీరిప్పుడు ఉన్న అద్దె ఇంట్లో గీజరు లోపలే ఉందని రాశారు. ఆ కొద్ది నెలలు ఇలా చేయండి: తలుపు బార్లా తెరిచి ఉంచి బక్కెట్టు నింపండి, 20 లీటర్లకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, గీజరు, సిలిండరు రెండూ కట్టేసి, ఒక నిమిషం ఆగి అప్పుడు నాన్నగారిని స్నానానికి పంపండి. మంట వెలుగుతుండగా లోపల ఎవరూ ఉండకూడదు, ఆయన స్నానం చేసేటప్పుడు గడియ వేసుకోకూడదు.

తమ్ముడి ఇంట్లో ఆయన ఉండబోయే నెలల విషయానికి వస్తే, ఫైర్‌ప్లేస్ వెలిగించిన గదిలో నాన్నగారు సాయంత్రమంతా కూర్చోకుండా ఉంటేనే మంచిదని నా అభిప్రాయం. కార్బన్ మోనాక్సైడు పుట్టకుండా మంట చక్కగా కాలినా నైట్రోజన్ డయాక్సైడు పుడుతుంది, ఓడీఎస్‌కు దాని సంగతి తెలియదు, ఆయాసం ఉన్నవాళ్ల ఊపిరితిత్తులను అది రేపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి గంటసేపటి హద్దు ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములని పెట్టింది. చలిదేశంలో కిటికీలు బిగించిన ఇంట్లో పొగగొట్టం లేని మంట గంటలతరబడి వెలిగితే ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. తేమ సంగతి కూడా ఉంది. 30,000 బీటీయూల ఫైర్‌ప్లేస్ గంటకు లీటరుకు పైగా నీటి ఆవిరిని గదిలోకి వదులుతుంది. నాలుగు గంటలు వెలిగిస్తే నాలుగు లీటర్లకు తక్కువ కాని నీళ్లు చల్లటి గోడలకూ కిటికీ అద్దాలకూ పడతాయి, అక్కడినుంచి బూజు మొదలవుతుంది. ఆయన ఇంట్లో కిటికీ అద్దాలు ఉదయాన్నే చెమర్చి ఉంటున్నాయా అని అడిగి చూడండి.

ఫైర్‌ప్లేస్‌లో అందంకోసం పెట్టిన పింగాణీ దుంగలను తయారీదారు చూపిన చోటునుంచి ఒక్క అంగుళం కూడా కదపవద్దని చెప్పండి. మంట దుంగకు తగిలి చల్లబడితే మసి, విషవాయువు రెండూ వస్తాయి. ఆ ఫైర్‌ప్లేస్‌ను ఇంటి మొత్తానికి వేడి ఇచ్చే సాధనంగా వాడకూడదు, వెలిగించి నిద్రపోకూడదు, వెలిగించినప్పుడు ఒక కిటికీని వేలెడంత తెరిచి ఉంచాలి. నాన్నగారి గది బయట కార్బన్ మోనాక్సైడు అలారం ఉందో లేదో, దాని వెనుక ముద్రించిన గడువు దాటిందో లేదో చూడమనండి, ఆ సెన్సర్లు రకాన్నిబట్టి ఐదునుంచి పదేళ్లే పనిచేస్తాయి. అక్కడి ప్రమాణం ప్రకారం ఆ అలారం గాలిలో పదిలక్షల పాళ్లకు 70 పాళ్లు ఉంటే గంటకు తక్కువ కాకుండా ఆగి మోగుతుంది, 400 పాళ్లు ఉంటే పావుగంటలోపు మోగుతుంది. అంటే తక్కువ మోతాదులో గుండె రోగికి ఇబ్బంది మొదలైనా అది మౌనంగానే ఉండవచ్చు. వీలైతే అంకెలు చూపించే రకం కొనమనండి. మన దుకాణాల్లో “గ్యాస్ డిటెక్టరు” అని అమ్మేది ఎల్పీజీ లీకును పట్టేది, అది ఈ పనికి రాదు, పేరు చూసి పొరబడకండి.

నన్నడిగితే నాన్నగారి బాత్రూముకు కరెంటు గీజరు, పైకప్పు ఖాళీగా ఉంటే దానికి తోడుగా సోలారు పెట్టిస్తాను. మన డెల్టాలో ఎండకు కొదవ లేదు, ముసురు పట్టిన రోజుల్లో కరెంటు గీజరు ఆదుకుంటుంది. గ్యాస్ పని చేసి బతికినవాణ్ణి ఈ మాట చెప్పడం మా వాళ్లకు నచ్చదు, అయినా మీ నాన్నగారి వయసు చూసి చెబుతున్నాను.

ఏది ఎంచుకున్నా టైల్స్ అంటించకముందే మూడు పనులు మేస్త్రితో చేయించండి. పెరటి గోడలోనుంచి వేడినీళ్లకు సీపీవీసీ పైపు ఒకటి తీసి మూత వేయించండి. షవరుకు దూరంగా, పైకప్పుకు దగ్గరలో 16 ఆంపియర్ల పాయింటు ఎర్తింగుతో సహా పెట్టించండి. తలుపు అడుగున గాలి వచ్చే జాలీ దిగేలా, జెర్రులు దూరని స్టెయిన్‌లెస్ స్టీలు మెష్ విప్పి కడుక్కునేలా స్క్రూలతో బిగించమనండి. మేకులతో కొడితే మళ్లీ ఎవరూ విప్పరు.